మూడు పాయింట్ రెండు

కొత్తవాడ సొసైటీ ఆఫీసుల
జంపఖానాల కట్టల నడుమ ఒక కంప్యూటరు.
దాని నెత్తి మీద తువ్వాల కప్పిండ్రు.
దుమ్ముకు కాదట, నూలు పీచుకు.

"ఎనిమిది జీబీ పెట్టిచ్చిన, బిల్లున్నది.
ఇదేమో మూడు పాయింట్ రెండంటది"
అన్నడు ఆడెపు మార్కండేయ.
మోసపోయినోని గొంతు కాదది,
తూకం మీద అనుమానమొచ్చినోని గొంతు.

మండిబజార్ మసీదు ఆర్డరు:
పదకొండు కమాన్ల వరుస, ఒక్కటే పొడుగు జానిమాజు.
డిజైను తెరిస్తే
నాలుగో కమాను దాకా వస్తది,
అక్కడ గుడ్లప్పగిచ్చి ఆగుతది మిషిని.

మూత విప్పిన.
నాలుగు స్లాట్లల్ల నాలుగు ర్యామ్ పుల్లలు.
ఒక్కొక్కటే తీసి
ఆయన మనుమరాలి రబ్బరుతోని
బంగారు పండ్లు తోమిన.
రబ్బరుకు మామిడిపండు వాసన.
మళ్ల గుచ్చిన, రెండు దిక్కుల టక్కుమనేదాంక.
నల్ల తెర మీద ఫ్రీ అని కొట్టిన.

మూడు పాయింట్ రెండు.

బయోసునడిగితే ఎనిమిదంటది,
లైనక్సునడిగితే మూడంటది.
అబద్ధం ఎవరూ ఆడుతలేరు.

"పుల్లలు మంచియే పెద్దయ్యా.
ఎక్కిచ్చినోడు పాత రకం లైనక్సు ఎక్కిచ్చిండు.
దానికి ముప్పైరెండు గడుల చిరునామానే వచ్చు.
నాలుగు జీబీ దాటినంక
ఇంటి నంబరు రాసెతందుకు అంకెలు లెవ్వు.
ఆ నాలుగుల్ల గూడ కొన్ని నంబర్లు
తెరకు, కార్డులకు ముందుగాల్నే రాసిచ్చిండ్రు.
మిగిలింది గిది."

ఆయన లేచి
మూలకున్న మగ్గం పన్నె మీద వేలుతోని గీరిండు.
రేకుల మీద చినుకులు మొదలైనట్టు చప్పుడు.

"పోగులు ఎనిమిది వందలున్నయి,
పన్నెకు మూడొందల ఇరవై సందులే.
మిగిలిన పోగులు తెగలే, చెడలే.
ఎక్కడ దూరాల్నో తెల్వక
పడుగు ఎనుక నిలవడ్డయి.
గంతేనా, నస్రీన్ బిడ్డా?"

గంతే.
మూడేండ్ల డిప్లమాల
మాకెవ్వరూ గిట్ల చెప్పలే.

"మగ్గాల లెక్కకొచ్చిన్నాడు
నేను భీవండిల ఉన్న.
సాంచల సేటు పైసలియ్యక ఆపిండు.
గుంత మగ్గం ఇంట్లనే ఉన్నది,
మా ఇంటామె కండెలు చుట్టుకుంటనే ఉన్నది.
'నేసెటాయన ఏడి?' అన్నరట,
రేకు బిళ్ల కొట్టకుంటనే పోయిండ్రు.
నంబరు లేదు, గందుకే మగ్గం లేదు.
మగ్గం లేదు, గందుకే నూలు సబ్సిడీ లేదు.
నాలుగేండ్లు నేసిన బిడ్డా
లేని మగ్గం మీద."

నవ్విండు.
నేను బ్యాగుల పెన్ డ్రైవు దేవులాడిన.

ఫైళ్లన్నీ పక్కకు తీసి
అరవైనాలుగు గడులది ఎక్కిచ్చుడు మొదలువెట్టిన.
సగంల కరెంటు పోయింది.
మళ్ల మొదట్నుంచి.
రెండు చాయ్‌లు, ఒక నమాజు వేళ,
పక్కింట్ల ఎవల్దో మగ్గం ఆగి, నడిచి, ఆగింది.
కెర్నల్ లేచింది.
ఫ్రీ.

ఏడు పాయింట్ ఏడు.

"ఆ మూడు ఎటు పోయినయి?"
"కొంత తెర తీసుకున్నది,
కొంత తనకు తాను దాసుకున్నది."
"సొసైటీ కటింగు" అన్నడు, సంతోషంగనే.

డిజైను తెరిచిండు.
నాలుగు, అయిదు, ఆరు...
మెల్లగ, ఎవరో లైట్లు వేసుకుంట పోతున్నట్టు
పదకొండు కమాన్లు.

అద్దాలు పైకి జరుపుకొని
తెర మీద జానతోని కొలిచిండు.
"ఆఖరుది పొట్టిగున్నది సూడు,
అరంగుళం తక్కువ.
గీసినోడు గూడ
మొత్తం ఎన్నడూ సూసి ఉండడు."

మా అబ్బా ఎప్పుడూ
వరుస చివర్నే నిలవడుతడు.
ఆ మాట నేను చెప్పలే.

మౌస్ నా చేతుల పెట్టిండు:
"సరిచెయ్, బిడ్డా."